ఫస్ట్ మోషన్ అయినా విడాకుల డిక్రీ (కోర్టు తుది ఉత్తర్వు) రాలేదంటే

సెకండ్ మోషన్, అంటే ఇద్దరూ రెండోసారి కోర్టులో అంగీకారం చెప్పడం, జరగకపోవడమే కారణం అయి ఉంటుంది. పిటిషన్ వేసి ఎనిమిది నెలలైంది, ఇద్దరం కోర్టులో స్టేట్‌మెంట్ కూడా ఇచ్చాం, ఇంకా విడాకులు రాలేదు అన్నారు కదా. ఆ స్టేట్‌మెంటే ఫస్ట్ మోషన్. హిందూ వివాహ చట్టం 13బి కింద పరస్పర అంగీకార విడాకులు గడువు దాటగానే వాటంతట అవే రావు. ఇద్దరూ మళ్లీ కోర్టు ముందుకొచ్చి "ఇప్పటికీ మాకు విడాకులే కావాలి" అని చెప్పాలి. చాలామంది వదిలేసేది ఇదే.

1. ముందు పిటిషన్ దాఖలైన తేదీ చూడండి. స్టేట్‌మెంట్ ఇచ్చిన రోజు కాదు, లెక్క దాఖలు తేదీ నుంచే.

2. ఆ తేదీ నుంచి 6 నెలలు నిండాక, 18 నెలల లోపు సెకండ్ మోషన్ వేయాలి. ఎనిమిది నెలలే అయింది కాబట్టి మీకు టైముంది, టెన్షన్ వద్దు. అలాగని నాన్చకండి.

3. ఈ-కోర్ట్స్ యాప్‌లో సీఎన్ఆర్ నంబరు (మీ కేసుకిచ్చిన ప్రత్యేక నంబరు) కొడితే తర్వాతి వాయిదా తెలుస్తుంది. వాయిదాకు ఎవరూ వెళ్లక కేసు కొట్టేసి ఉంటే, పునరుద్ధరణ గురించి వెంటనే లాయరుతో మాట్లాడండి.

4. భరణం, పిల్లల కస్టడీ, నగల సంగతి రాతలో ఉండాలి. డిక్రీ వచ్చేలోపు ఒకరు మనసు మార్చుకుని అంగీకారం వెనక్కి తీసుకుంటే ఈ దారి మూసుకుపోతుంది.

ఆరు నెలల గడువు మాఫీకి 2017 సుప్రీంకోర్టు తీర్పు ఉంది కానీ, మీకు ఆ గడువు ఎలాగూ దాటింది, దాని అవసరం లేదు.