పల్స్ మోటారు కట్టబోతున్న వంశీకి

చి|| వంశీకి, ఆశీస్సులు.

పల్స్ మోటారు, అంటే తీగచుట్ట (కాయిల్)కి కరెంటుని తునకలు తునకలుగా ఇచ్చి అయస్కాంతాలున్న చక్రాన్ని తోసే మోటారు, కడతానంటే సంతోషమే. అది తన బ్యాటరీ తనే నింపుకుంటుందన్న వీడియోల సంగతి లెక్క వేసి చూద్దాం గానీ, ముందు తిరిగే మోటారు కట్టు.

రోటరుకి, అంటే తిరిగే చక్రానికి, 18 ఎం.ఎం. ప్లైవుడ్డుని 120 ఎం.ఎం. వ్యాసంతో గుండ్రంగా కోయించు. అంచులో 90 డిగ్రీలకొకటిగా నాలుగు గుంటలు తవ్వి, 12 ఎం.ఎం. వ్యాసం, 5 ఎం.ఎం. మందం ఉన్న నియోడిమియం అయస్కాంతాలు దించు. అన్నిటికీ దక్షిణ ధ్రువమే బయటికి ఉండాలి. దిక్సూచి ఉత్తరపు ముల్లుని ఏ ముఖం లాగుతుందో అదే దక్షిణం. అరాల్డైట్ పెట్టి, ఆరాక అంచు చుట్టూ నైలాను దారం బిగించి చుట్టు, దాని మీద మళ్ళీ అరాల్డైట్ పూయి. ఫెవిక్విక్ చాలదు. అయస్కాంతం బరువు 4 గ్రాములే అయినా, నిమిషానికి 1500 చుట్ల దగ్గర అది 600 గ్రాముల బరువు వేలాడినంత బలంతో బయటికి లాగుతుంది. 3000 దగ్గర దానికి నాలుగింతలు. కళ్ళద్దాలు లేకుండా తిప్పొద్దు, చక్రం అంచుకి ఎదురుగా మొహం పెట్టొద్దు.

ఇరుసుకి 8 ఎం.ఎం. రాడ్డు, రెండు 608 బేరింగులు. సీళ్ళు ఊడదీసి, కిరోసిన్‌లో గ్రీజు కడిగేసి, ఒక చుక్క కుట్టుమిషను నూనె వెయ్యి. చక్రం ఎప్పుడు ఆగినా ఒకే వైపు కిందికి వస్తుంటే అక్కడ బరువు ఎక్కువున్నట్టు, కాస్త చెక్క తొలుచు. స్టాండు చెక్కతోనే చెయ్యి. అల్యూమినియం యాంగిల్ అయస్కాంతానికి అంటుకోదు కాబట్టి ఫరవాలేదనుకుంటారు గానీ, దగ్గరగా ఉంటే అందులో పుట్టే సుడి ప్రవాహాలు కనబడని బ్రేకులా పనిచేస్తాయి.

కాయిల్‌కి 28 గేజి వైండింగు వైరు 100 గ్రాములు తెచ్చుకో. మోటార్లు రీవైండింగ్ చేసే కొట్లో తూకానికి ఇస్తారు. 20 ఎం.ఎం. లోపలి వ్యాసం, 20 ఎం.ఎం. వెడల్పు ఉన్న బాబిన్ మీద 500 చుట్లు. మీటరులో 6 ఓములు పైచిలుకు చూపించాలి. అసలేమీ చూపించకపోతే చివర్లలో ఎనామిల్ గీకలేదన్నమాట. లోపల ఇనుప బోల్టు పెట్టకు, అయస్కాంతం దానికే అతుక్కుని ఆగిపోతుంది. రోటరుకీ కాయిల్‌కీ మధ్య 3 ఎం.ఎం. సందు చాలు.

అయస్కాంతం దగ్గరికి వస్తే పలకలు కలిసే రీడ్ స్విచ్ వద్దు, కరెంటు ఆగినప్పుడు కాయిల్ వెనక్కి తన్నే స్పార్కుకి ఆ పలకలు అతుక్కుపోతాయి. అయస్కాంతాన్ని పసిగట్టే ఏ3144 హాల్ సెన్సర్, కరెంటు స్విచ్‌లా పనిచేసే ఐఆర్ఎఫ్ 9540 మాస్‌ఫెట్ (దాని మూడు కాళ్ళు గేటు, డ్రెయిన్, సోర్సు) కొను; హైదరాబాదులో అయితే కోఠి గుజరాతీ గల్లీలో చూడు. మాస్‌ఫెట్ సోర్సు 12 వోల్టులకి, డ్రెయిన్ కాయిల్‌కి, కాయిల్ రెండో కొస గ్రౌండుకి. గేటు నుంచి 12 వోల్టులకి 1 కిలో ఓము. సెన్సర్ అవుట్‌పుట్ నేరుగా గేటుకి. దక్షిణ ధ్రువం ఎదురుగా రాగానే సెన్సర్ గేటుని కిందికి లాగుతుంది, కాయిల్ వెలుగుతుంది, అంటే అందులో కరెంటు పారుతుంది. సెన్సర్ కాళ్ళ మధ్య, సప్లైకీ గ్రౌండుకీ 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ మరిచిపోకు. సెన్సర్‌ని కాయిల్ పక్కన పెడితే కాయిల్ సొంత క్షేత్రమే దాన్ని తికమకపెడుతుంది. చక్రానికి సరిగ్గా అవతలి వైపు పెట్టు. అయస్కాంతాలు ఎదురెదురుగానే ఉన్నాయిగా.

కాయిల్‌కి అడ్డంగా డయోడు తప్పనిసరి. మామూలు డయోడు ఒక్కటే పెడితే స్విచ్ ఆగాక కూడా కరెంటు కాయిల్లో కాసేపు తిరుగుతూ ఉంటుంది. దాన్ని తొందరగా చంపాలంటే యూఎఫ్ 4007తో సిరీస్‌లో 24 వోల్టుల, 5 వాట్ల జీనర్ (ఆ వోల్టేజీ దాటితేనే వెనక్కి కరెంటు వదిలే డయోడు) వెయ్యి. డయోడు గీత డ్రెయిన్ వైపు, జీనర్ గీత గ్రౌండు వైపు. 1 ఆంప్ ఫ్యూజు కూడా పెట్టు. చక్రం సెన్సర్ ముందు ఆగిపోతే కాయిల్ 20 వాట్లకి పైగా తాగుతూ కూర్చుంటుంది.

ఇక అసలు పని టైమింగ్. అయస్కాంతం కాయిల్ మధ్యని దాటిన 2, 3 ఎం.ఎం. తర్వాత కరెంటు తగిలి అవతలికి తోసేలా సెన్సర్‌ని జరుపు. తొయ్యకుండా వెనక్కి లాగుతుంటే కాయిల్ వైర్లు మార్చు. కాయిల్లో కరెంటు ఎదగడానికి సుమారు 0.7 మిల్లీసెకను పడుతుంది. 1500 చుట్ల దగ్గర ఆ లోపే అంచు ఆరున్నర ఎం.ఎం. జరిగిపోతుంది. అందుకే వేగం పెరిగే కొద్దీ సెన్సర్‌ని ముందుకి, అంటే తొందరగా వెలిగేలా, జరపాలి. సెన్సర్‌ని పొడుగు కంత ఉన్న పట్టీ మీద బిగిస్తే ఒక్క స్క్రూతో పని అయిపోతుంది.

ఇప్పుడు ఆ లెక్క. ఇలాంటి మోటారుకి జాన్ బెదినీ అనే అమెరికా ఆయనకి 2002లో అక్కడి పేటెంటు వచ్చిన మాట నిజమే. వీడియోల్లో కాయిల్ తన్నుని జీనర్‌లో చంపకుండా రెండో బ్యాటరీకి పంపిస్తారు. పేటెంటు ఉన్నంత మాత్రాన ఎక్కువ శక్తి వస్తుందని కాదు. నీ కాయిల్ ఇండక్టెన్స్ (కరెంటు మార్పుని అడ్డుకునే గుణం) 4 మిల్లీహెన్రీలు, కరెంటు 1.9 ఆంపులు అనుకో. తన్నులో దాగిన శక్తి ½ × 0.004 × 1.9 × 1.9, అంటే 7 మిల్లీజౌల్స్. సెకనుకి 100 తన్నులైతే 0.7 వాటు. బ్యాటరీ ఇస్తున్నది ఐదు వాట్ల దాకా. రెండో బ్యాటరీకి తిరిగి వచ్చేది ఎంత తిప్పలు పడినా ఆ 0.7 లోపే.

కొలిచేటప్పుడు చవక మీటరుని నేరుగా సిరీస్‌లో పెట్టకు, పల్సులకి తప్పు చూపిస్తుంది. నెగటివ్ వైర్లో 0.1 ఓము రెసిస్టరు, దాని నుంచి 1 కిలో ఓము, 470 మైక్రోఫారడ్ కెపాసిటర్‌లతో సగటు తీసి మిల్లీవోల్టులు చూడు. 40 వస్తే 0.4 ఆంపు. చార్జింగు పెట్టిన బ్యాటరీ 12.8 వోల్టులు చూపించిందని సంబరపడకు, లెడ్ యాసిడ్‌లో అది పైపై చార్జి. గంటసేపు వదిలేసి, 5 వాట్ల బల్బు వేసి, 11.5 వోల్టులకి దిగడానికి ఎంతసేపు పట్టిందో రాసుకో. మొదటి బ్యాటరీకీ అదే పరీక్ష పెట్టి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టు.

ఇట్లు,
మీ పెదనాన్న