అరికాలు చూసేవాళ్లు లేని ఇంట్లో షుగర్

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇక్కడి చలికి ఎలాంటి బూట్లు కొనాలని. బూట్ల సంగతి తర్వాత చెబుతాను. నలభై నిండకుండానే షుగర్, బర్మింగ్‌హామ్‌లో అద్దె గది, తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు అని ఉత్తరం చివర రాశావు చూడు, నన్ను భయపెట్టింది అది. 2007 జనవరిలో నేనూ ఇదే ఊళ్లో ఇలాగే దిగాను.

ఆ చలికాలమంతా రాత్రిళ్లు పాదాలు మంచుగడ్డల్లా అనిపించేవి. షుగర్ వల్ల నరాలు దెబ్బతింటే వెచ్చగా ఉన్న పాదం కూడా చల్లగా ఉన్నట్టు తోస్తుందని అప్పుడు నాకు తెలియదు. రబ్బరు సంచిలో మరిగిన నీళ్లు పోసి, దాని మీద కాళ్లు ఆనించి పడుకునేవాడిని. ఒక గురువారం సాయంత్రం పని నుంచి వచ్చి మేజోళ్లు విప్పుతుంటే ఎడమ కాలిది రాలేదు. అరికాలికి అతుక్కుపోయింది. తడిపి మెల్లగా తీస్తే, బొటనవేలి కింద రూపాయి బిళ్లంత బొబ్బ పగిలి, అంచులు తెల్లగా నాని ఉన్నాయి. చీమ కుట్టినంత నొప్పి కూడా లేదు. నొప్పి లేదు కాబట్టి పరవాలేదనుకుని పసుపు అద్ది, గుడ్డ కట్టి, మరునాడు గిడ్డంగిలో అదే కాలి మీద ఎనిమిది గంటలు నిలబడ్డాను. అలా నాలుగు రోజులు. ఐదో రోజుకు పాదం ఎర్రగా వాచి జ్వరం వచ్చింది. పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. వేలు దక్కింది.

ఆ బొబ్బ ఎప్పుడు లేచిందో నాకు ఇప్పటికీ తెలియదు. భీమవరంలో అయితే ఒక్క పూట కూడా దాగేది కాదు. సాయంత్రం అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుంటే అమ్మ "ఆ కాలికేమైందిరా?" అని తనే దగ్గరకు లాక్కుని చూసేది. ఇక్కడికి రోజూ ఫోను చేసి "తిన్నావా?" అని అడిగేది, తిన్నానని చెప్పేవాడిని. ఫోనులో అరికాలు కనబడదు. మొద్దుబారిన పాదం తనంతట తాను ఏమీ చెప్పదు, ఎవరో ఒకరు చూడాలి. ఒంటరిగా ఉన్నవాడికి ఆ ఎవరో ఒకరు ఉండరు. కొత్తగా వచ్చినవాళ్లు అద్దె గురించీ వీసా గురించీ వందసార్లు అడుగుతారు కానీ దీని గురించి అడగరు.

కాబట్టి చేతి అద్దం ఒకటి కొను. రోజూ పడుకునే ముందు నేల మీద పెట్టి అరికాళ్లు, మడమలు చూసుకో, వేళ్ల సందులు విడదీసి చూసుకో. తెల్ల మేజోళ్లు వేసుకుంటే చిన్న మరక కూడా పట్టిస్తుంది. తివాచీ ఉంది కదా అని మనవాళ్లు ఇంట్లో ఉత్త కాళ్లతో తిరుగుతారు, నువ్వు చెప్పులు వేసుకో. నీళ్ల వేడిని మోచేతితో చూడు, పాదాన్ని నమ్మకు. తుడిచాక క్రీము రాసుకో, వేళ్ల సందుల్లో మాత్రం వద్దు. ఆనెకాయలు బ్లేడుతో కోయకు. ఇక బూట్లంటావా, సాయంత్రం పూట కొను. అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి, పొద్దున సరిపోయినవి రాత్రికి ఒరుస్తాయి.

ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో ఏడాదికోసారి పాదాల పరీక్ష ఉచితం, సన్నని నైలాన్ పోగును ఆనించి స్పర్శ చూస్తారు. వివరాలు నీ జీపీ దగ్గర, అంటే నీ పేరు నమోదైన స్థానిక డాక్టరు దగ్గర తెలుస్తాయి. పుండు, వాపు, రంగు మార్పు ఏది కనబడినా అదే రోజు వాళ్లకు ఫోను చెయ్యి, వేళ దాటితే ఎన్‌హెచ్‌ఎస్ సలహా నంబరు 111కు. పసుపుతో నాలుగు రోజులు పోగొట్టుకోకు.

కానీ ఆ పరీక్ష ఏడాదికి ఒక్కరోజే కదా. ఇంట్లో చేసుకునేది ఇంకొకటి ఉంది, ఇప్‌స్విచ్ ఆసుపత్రి వైద్యులు రూపొందించారు. నువ్వు కళ్లు మూసుకోవాలి. ఎదుటి మనిషి రెండు పాదాల్లోనూ బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు కొసలను వేలితో మెల్లగా, ఒకటి రెండు సెకన్లు తాకాలి. నొక్కకూడదు. ఆరింటిలో రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ తెలియకపోతే డాక్టరుకు చెప్పాలి. ఖర్చు లేదు, సాధనం లేదు. కావలసింది ఇంకో మనిషి.

మీ ఇంట్లో అద్దెకుంటున్న మిగతా కుర్రాళ్లలో ఒకరితో ఈ వారమే మాట కలుపు. నాలాగా మూడేళ్లు తలుపు వేసుకుని కూర్చోకు. మొహమాటంగా ఉంటే ఆదివారం మా ఇంటికి భోజనానికి రా. పెద్దవాడు నా కాళ్లు ముట్టుకోవడమేమిటని సంకోచించకు. పప్పు ఉడికేలోపు నేనే చూస్తాను.