మూడొందల పట్టుచీర, మూడు వేల బేరం

చి. అమ్మాయికి, పెద్దమ్మ ఆశీర్వాదాలు.

పాతూరులో పాతబట్టల మూటలోంచి మూడొందలకు తెచ్చుకున్న పట్టుచీరకు, వీధుల్లో "పాత పట్టుచీరలు కొంటాం" అని తిరిగే మనిషి చూడగానే మూడు వేలు ఇస్తానన్నాడని రాశావు. ఇచ్చేయమంటావా అని అడిగావు. ఇప్పుడే ఇవ్వొద్దు. ఆయనకు కావాల్సింది చీర కాదు, అంచులో ఉన్న వెండి. కత్తిరించి, కాల్చి, కరిగించి తీసుకుంటారు. అందుకే నువ్వు తెలుసుకోవాల్సిన ధరలు రెండు: వెండిగా ఎంత, చీరగా ఎంత. రెండూ తేలకుండా బేరానికి దిగొద్దు.

ముందుగా, దాన్ని ఉతకొద్దు, ఇస్త్రీ చేయొద్దు. జరీ నల్లబడిందని దిగులుపడ్డావు గదా, నిజానికి అది మంచి గుర్తే. గాలిలోని గంధకం తగిలితే వెండి నల్లబడుతుంది. ప్లాస్టిక్ జరీ నల్లబడదు, వెలిసిపోతుంది. చింతపండు, నిమ్మకాయ, టూత్‌పేస్టు ఏదీ దాని మీద పెట్టొద్దు. పైనున్న బంగారు పూత చాలా పలచన, రుద్దితే పోతుంది. పులుపుకు పట్టు రంగు కూడా దిగుతుంది. నల్లజరీకి ధర తగ్గదు, రుద్ది పాడుచేసిన జరీకి తగ్గుతుంది.

జరీ అసలుదో కాదో చూడటానికి ఒక్క పోగు చాలు. చీర లోపలి చివర, కట్టుకున్నప్పుడు నడుములోకి పోయే కొసన, పోగులు తెగి విడిగా ఉంటాయి. అక్కడ అంచులోని జరీ పోగొకటి సూదితో రెండంగుళాలు లాగు. గోటితో చుట్టు విప్పితే సన్నని చదును తీగ ఒకవైపు, లోపలి దారం ఒకవైపు వస్తాయి. అసలు జరీలో దారం పట్టుది, మామూలుగా ఎర్రగా ఉంటుంది. ఎరుపు చూసి సంబరపడొద్దు, నకిలీలోనూ దారానికి ఎర్రరంగు వేస్తారు. తీగను నమ్మాలి. తెల్లకాగితం మీద పెట్టి బ్లేడుతో గీరు. బంగారు పూత కింద తెలుపు వస్తుంది. అక్కడే ఆగొద్దు, అదే చోట ఇంకో రెండుసార్లు గట్టిగా గీరు. అంగళ్లలో టెస్టెడ్ జరీ అనేది రాగితీగ మీద వెండిపూత వేసింది. మొదటి గీటుకు తెల్లగా కనబడి, తర్వాత ఎర్రబడుతుంది. ఎంత గీరినా తెల్లగానే ఉంటే వెండి.

తర్వాత మంట. ఇంకో పోగు పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపించు. వెంట్రుకలు కాలిన వాసన వేసి, తీగ తెల్లగా మిగిలితే అసలుది. తీగ నల్లబడితే రాగి. కరిగి గట్టి పూసలా ముడుచుకుంటే ప్లాస్టిక్. అప్పటికీ అనుమానముంటే కంసాలి దగ్గరికి పో. గీటురాయి మీద గీసి, నత్రికామ్లం చుక్క వేసి, ఉప్పునీళ్లు తగిలిస్తాడు. వెండి అయితే పాలు విరిగినట్టు తెల్లగా పేరుకుంటుంది. ఆ ఆమ్లం నువ్వు ముట్టుకోవద్దు.

వెండి అని తేలగానే కత్తెర తీయొద్దు. అసలు సంగతి ఇక్కడే ఉంది. పగటి వెలుగుకు ఎదురుగా చీరను పట్టుకుని మడత గీతల వెంట చూడు. పాత పట్టు ముందు మడతల దగ్గరే చస్తుంది. లోపలి చివర రెండు బొటనవేళ్లతో మెల్లగా పక్కలకు లాగు. పోగు ఓర్చుకుంటే ఒడలు, అంటే అంచుల నడుమ ఉన్న చీర భాగం, బాగున్నట్టే, చిర్రుమని చీలితే ఇక కట్టడానికి పనికిరాదు. చీరను తిరగేసి అంచు ఒడలిని కలిసే చోటు కూడా చూడు. రెండు రంగులు ఒకదాంట్లోకి ఒకటి కలవకుండా, కలిసేచోట కొక్కెం వేసినట్టు సన్నని గట్టు ఉంటే అది కుప్పడం నేత. రెండు అంచులకూ ఒడలికీ వేరువేరు నాడెలు, అంటే అడ్డపోగును ఇటూ అటూ నడిపే పనిముట్లు, మొత్తం మూడు పెట్టి నేస్తారు. పని ఎక్కువ, అందుకే ధరా ఎక్కువ. ఒడలు గట్టిగా ఉన్న కుప్పడం చీరను వెండి కోసం కాల్చనివ్వడం నాకు మనసొప్పదు. దాన్ని ధర్మవరం తీసుకుపోయి, ఇదే అంచుతో, అసలు జరీతో ఈరోజు నేయిస్తే ఎంతవుతుందని మగ్గం మీద కూర్చున్న మనిషినే అడుగు, అమ్మే అంగడిని కాదు. పాతచీరకు అంత రాదు, కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

ఒడలు చచ్చి అంచు బతికుంటే, అంచూ కొంగూ విప్పి కొత్త పట్టు మీద కుట్టించుకోవచ్చు. అడుగున మల్లు గుడ్డ, అంటే పలచని నూలుగుడ్డ, వేయించాలి. లేకుంటే జరీ బరువుకు కొత్త పట్టు కూడా కుట్టు వెంట చీలుతుంది.

అంచూ చిరిగిపోయి ఉంటేనే వెండి లెక్క. చిరిగిన చోట ఒక అంచు పూర్తి వెడల్పుతో అయిదంగుళాల పొడవు ముక్క కత్తిరించి, కంసాలి ఎదుట కాల్పించు. బూడిదను వెలిగారంతో మూసలో కరిగిస్తే వెండి పూస వస్తుంది, దాన్ని నీ కళ్ల ముందే తూచమను. మాటకు 0.6 గ్రాములు వచ్చిందనుకో. అయిదున్నర మీటర్ల చీర అంటే సుమారు 216 అంగుళాలు, రెండంచులకు 432. అందులో 86 ముక్కలు, అంటే దాదాపు 52 గ్రాములు. దాంట్లో రాగి కూడా కలిసుంటుంది. నగల అంగడిలో మిషన్ పెట్టి చూస్తే నూటికి 85 వెండి అని వస్తే, నికరం 44 గ్రాములు. ఆరోజు వెండి ధరతో హెచ్చించి, కరిగింపు కూలి తీసెయ్యి. కొంగు లెక్క వేరే. అక్కడ జరీ అడ్డపోగుల్లో ఉంటుంది, దానికి వేరే ముక్క కాల్చాలి. బంగారం నూటికి ఒక వంతు కూడా ఉండదు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

కొనేవాళ్లు "చీరకింత" అని గుత్తగా చెబుతారు, లేదా చేతి త్రాసుతో తూస్తారు, లేదా "సేటుకు చూపించి తెస్తా" అని పట్టుకుపోతారు. మూడింటికీ ఒప్పుకోవద్దు. తూకం కంసాలి త్రాసు మీదే, చీర నీ చేతిలోనే.

ఆ మూట అమ్మినామెకు కూడా ఈ పోగు విప్పి చూసే పని నేర్పు. రోజూ వందల చీరలు ఆమె చేతిమీదుగా పోతాయి, ఈ పని తెలిస్తే ఆమె ఇల్లు గడవడానికి ఎంతో ఆసరా. నీ చీరకు మంచి ధర వస్తే ఆమెకూ రోంత ఇవ్వు.

అంతవరకూ చీరను పాత నూలుగుడ్డలో చుట్టిపెట్టు. కలరా ఉండలు జరీకి తగలనివ్వొద్దు. అంచు వెడల్పు, కొంగు పొడవు, మొత్తం తూకం కొలిచి రాయి. అంచు తిరగేసిన వైపు ఎండ వెలుగులో ఫోటో తీసి పంపించు; కుప్పడమో కాదో నేను చూసి చెప్తా.

మీ పెద్దమ్మ