రోబో వచ్చాడా, వచ్చిందా?

సందేహం: పోస్ట్‌హ్యూమనిజంను ‘మానవాతీతవాదం’ అనొచ్చా? మనిషిలా మాట్లాడే రోబో గురించి కథ రాస్తే ‘రోబో వచ్చాడు’ అనాలా, ‘వచ్చింది’ అనాలా?

సమాధానం: మానవాతీతవాదం వద్దండి, ఆ మాట వినగానే దేవుళ్లూ దయ్యాలూ మహిమలూ గుర్తొస్తాయి. కొందరు ‘మానవోత్తరవాదం’ అంటున్నారు గానీ దానికీ ఓ చిక్కుంది. లోకోత్తరం అంటే లోకాన్ని మించినది అని కదా మనకు తోచేది, అలా మానవోత్తరం అన్నా మనిషిని మించినది అనే అనిపిస్తుంది. యంత్రాలతో, మందులతో మనిషిని ఇప్పటికన్నా గొప్పవాణ్ని చేద్దామనేది ట్రాన్స్‌హ్యూమనిజం, అది వేరే దారి. పోస్ట్‌హ్యూమనిజంలో ‘పోస్ట్’ అతుక్కున్నది మనిషికి కాదు, హ్యూమనిజానికి. అన్నిటికీ మనిషే కొలమానం, మిగతావన్నీ అతని అవసరాలకే అన్న నమ్మకాన్ని నిలదీశాక పుట్టిన ఆలోచన అది. 1985లో అమెరికన్ ఆలోచనాపరురాలు డోనా హారవే సైబోర్గ్ (సగం ప్రాణి, సగం యంత్రం) మీద రాసిన ప్రసిద్ధ వ్యాసం కూడా మనిషికీ జంతువుకీ, ప్రాణికీ యంత్రానికీ మధ్య గీతలు చెరిగిపోతున్నాయనే అంటుంది. అందుకే నేను ‘మానవవాదానంతర చింతన’ అంటాను. పొడుగే, కానీ అర్థం పక్కదారి పట్టదు. ఇంగ్లీషు మాటే ఉంచేసినా తప్పులేదు.

ఇక రోబో సంగతి. నాకు ఇదే అసలు ప్రశ్న, ఎందుకంటే మనిషికీ వస్తువుకీ మధ్య గీత మన వ్యాకరణంలోనే ఉంది. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి స్త్రీలు, జంతువులు, జడపదార్థాలు కానివాటిని మహత్తులన్నాడు, అంటే ‘వచ్చాడు’ అని చెప్పే మగవాళ్ల వర్గం అన్నమాట. ఇప్పటికీ ఏకవచనంలో అమ్మాయీ ‘వచ్చింది’, కుర్చీ ‘వచ్చింది’. ఫోన్‌లో ఆడగొంతు దారి ‘చెప్పింది’ అంటే, ఆ క్రియను బట్టి మనిషో యంత్రమో తేల్చలేం. బహువచనంలో మాత్రం తప్పించుకోలేం: అమ్మాయిలు వచ్చారు, కుర్చీలు వచ్చాయి. లెక్కపెట్టేటప్పుడు ఇంకా కచ్చితం, మనుషులైతే ఇద్దరు, వస్తువులైతే రెండు.

అలాగని గీత దాటకూడదనేం లేదు. ఆ సూరిగారే నీతిచంద్రికలో నక్కల్ని కరటకుడు, దమనకుడు అని ‘డు’ చేర్చి పిలిచాడు! అవి ఎత్తులు వేస్తాయి, వాదిస్తాయి, మాట్లాడే పాత్రలు కాబట్టి ఆ ప్రత్యయం మనకు ఎబ్బెట్టుగా ఉండదు. రోబోకీ అంతే. ఫ్యాక్టరీలో వెల్డింగ్ చేసే రోబో ‘ఆగిపోయింది’, అందులో సందేహమే లేదు. మీ కథలో రోబోకి పేరుండి, అది అలిగి, అబద్ధమాడి, ఎవరికోసమో ఎదురుచూస్తుంటే ‘వచ్చాడు’ అనండి, ‘ఆమె వచ్చింది’ అనండి, వ్యాకరణదోషం కాదు. అయితే అది రచయితగా మీరు తీసుకున్న నిర్ణయం, కాబట్టి చివరిదాకా నిలబెట్టుకోవాలి. ‘ఇద్దరు రోబోలు వచ్చాయి’ అని రాశారో, మొదటి మాటలో మనుషుల్ని చేసి చివరి మాటలో మళ్లీ వస్తువుల్ని చేసినట్టే.