చూపు లేనివారికి ఏ పరికరం కొనాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అమ్మాయికి పుట్టుకతోనే చూపు లేదు. ఇంటర్ తెలుగు మీడియంలో పాసై డిగ్రీలో చేరింది. ల్యాప్‌టాప్ కోసం విశాఖలో ద్వారకానగర్ వెళితే పెద్ద స్క్రీను మోడల్ చూపించి, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ విడిగా కొనుక్కోవాలన్నారు. తెలిసినవాళ్ల ల్యాప్‌టాప్‌లో లెక్చరర్ పంపిన నోట్సు తెరిస్తే ఏవేవో ఇంగ్లిష్ అక్షరాలు చదివింది. ఏం కొనమంటారు?
ఒక తల్లి, ఎంవీపీ కాలనీ

జవాబు: సాఫ్ట్‌వేర్‌కి రూపాయి కూడా పెట్టకండి. విండోస్‌లో పనిచేసే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం. ఆస్ట్రేలియాలో చూపులేని మైకేల్ కరన్ అనే యువకుడు 2006లో దీన్ని మొదలుపెట్టాడు. జాస్ అనే మరో స్క్రీన్ రీడర్ డబ్బిచ్చి కొనేది. రేపు ఉద్యోగంలో అదే కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు.

పెద్ద స్క్రీనుకు పెట్టే డబ్బు మీ అమ్మాయికి ఎందుకూ ఉపయోగపడదు. ఆ డబ్బు మెమరీకీ బ్యాటరీకీ పెట్టండి: 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉంటే చాలు. కీబోర్డు మాత్రం తనే వేళ్లతో తడిమి చూడాలి. ఎఫ్, జె మీటల మీద గీతలు స్పష్టంగా తగలాలి, బాణం మీటలు మిగతావాటితో కలిసిపోకుండా ఉండాలి. ఎన్‌వీడీఏకి ఆజ్ఞలివ్వడానికి వాడే ఇన్సర్ట్ మీట విడిగా లేకపోయినా ఇబ్బంది లేదు, ఎన్‌వీడీఏ పెట్టేటప్పుడు క్యాప్స్ లాక్‌ను దాని బదులు ఎంచుకోవచ్చు. షాపులోనే విండోస్, కంట్రోల్, ఎంటర్ మూడూ కలిపి నొక్కితే విండోస్‌లో ఉండే నేరేటర్ మాట్లాడుతుంది. స్పీకరు ఎలా ఉందో, మీటలు ఎలా స్పందిస్తున్నాయో అక్కడే తేలిపోతుంది. ఇయర్‌ఫోన్స్ వైరు ఉన్నవే కొనండి. బ్లూటూత్‌వి మధ్యమధ్య నిద్రపోయి లేస్తుంటాయి కాబట్టి మాటలో మొదటి అక్షరం మింగేస్తాయి.

ఇక నోట్సు సంగతి. లోపం ల్యాప్‌టాప్‌లో లేదు, ఫాంట్‌లో ఉంది. మన డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ చాలా మెటీరియల్ అను ఫాంట్లలో టైపు చేస్తారు. కంటికి తెలుగు కనిపిస్తుంది కానీ లోపల నిల్వ ఉండేది ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలు. స్క్రీన్ రీడర్ ఆ సంకేతాలనే చదువుతుంది. లక్ష రూపాయల మెషీన్ కొన్నా ఇంతే.

తేల్చుకోవడం తేలిక. ఫైల్లోంచి ఒక లైను కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగుగానే వస్తే అది యూనికోడ్, అంటే తెలుగు అక్షరాలుగానే నిల్వ అయ్యే పద్ధతి. దాన్ని ఎన్‌వీడీఏ చక్కగా చదువుతుంది. పిచ్చి అక్షరాలు వస్తే అను లాంటి ఫాంటు. అసలు లైను సెలెక్టే కాకపోతే అది బొమ్మ, అంటే స్కాన్ చేసిన పేజీ. చివరి రెండింటికీ మందు ఓసీఆర్, అంటే బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్. అను ఫైలైతే ముందు పేజీలను బొమ్మలుగా మార్చుకోవాలి. విండోస్‌లో ఉన్న ఓసీఆర్‌కి తెలుగు రాదు. ఫైలును కంప్యూటర్లో గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, మెనూలో ‘ఓపెన్ విత్’ నుంచి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే అక్షరాలు యూనికోడ్‌లోకి మారతాయి. పెద్ద పుస్తకాన్ని ఒక్కసారే ఎక్కించకుండా చాప్టర్ల వారీగా విడగొట్టండి. ఒత్తులు ఎగిరిపోవడం, ప, ఫ, ష ఒకదానికొకటి మారడం, రెండు కాలమ్‌ల పేజీలో లైన్లు కలిసిపోవడం మామూలే. కాబట్టి పేర్లు, సంవత్సరాలు ఎవరైనా చూపున్నవాళ్లు ఒకసారి సరిచూడాలి. అన్నిటికన్నా మంచిది లెక్చరర్‌ని యూనికోడ్‌లో టైపు చేసి ఇమ్మని అడగడమే. ఇది మొహమాటపడాల్సిన విషయం కాదు.

ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్ అనే గొంతుల సాఫ్ట్‌వేర్‌లో తెలుగు గొంతు ఉంది. మర మనిషి గొంతులా ఉన్నా వేగం పెంచినప్పుడు మాట చెదరదు. ఎన్‌వీడీఏ మీట (ఇన్సర్ట్ లేదా మీరు ఎంచుకున్న క్యాప్స్ లాక్), కంట్రోల్, వి కలిపి నొక్కితే గొంతు, వేగం మార్చే కిటికీ తెరుచుకుంటుంది.

బ్రెయిలీ మాత్రం మానిపించకండి. చెవితో మాత్రమే చదివిన పిల్లలకు శ, ష, స తేడాలు, ఒత్తు ఎక్కడ పడుతుందో తెలియకుండా పోతుంది. వినడం చదవడానికి పూర్తి ప్రత్యామ్నాయం కాదు. పలక, పొడిచే పుల్ల, మందపాటి కాగితం ఉంటే ప్రస్తుతానికి చాలు. 20 గడుల ఆర్బిట్ రీడర్ లాంటి బ్రెయిలీ డిస్‌ప్లే (తెర మీది అక్షరాలను చుక్కలుగా పైకి లేపే పరికరం) రోజూ బ్రెయిలీ చదివే అలవాటుంటేనే కొనండి. మన సముద్రపు గాలికి దాన్ని పెట్టెలో, తేమ పీల్చే పొట్లాలతో ఉంచాలి. తడి వేళ్లతో ముట్టుకుంటే చుక్కలు ఇరుక్కుంటాయి.

పరీక్షల విషయం కూడా ఇప్పుడే తెలుసుకోండి. కంప్యూటర్ మీద పరీక్ష రాసే అవకాశం అడగవచ్చని కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పాయి. గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలన్నాయి. సిస్టమ్‌ను ఒకరోజు ముందే వెళ్లి చూసుకోనివ్వాలన్నాయి. ఆ తర్వాత కొత్త మార్గదర్శకాలు వచ్చాయి కాబట్టి ఇప్పుడు అమల్లో ఉన్నవేమిటో కాలేజీలో కనుక్కోండి.

ప్రశ్న: నాన్నగారికి 62 ఏళ్లు. షుగరుతో చూపు బాగా తగ్గింది, పెద్ద అక్షరాలు మసకగా కనిపిస్తాయి. బ్రెయిలీ నేర్పమని ఒకరు, మాట్లాడే కళ్లద్దాలు కొనమని ఒకరు అంటున్నారు.
ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ఈ రెండిటికీ ముందు చేయాల్సిన పని ఒకటుంది. మిగిలిన చూపు ఎంతో కొలిపించండి. హనుమంతవాక దగ్గర ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి వెళ్లి లో విజన్ పరీక్ష అడగండి. భూతద్దం పవరు పెరిగేకొద్దీ కనిపించే జాగా తగ్గుతుంది, కాగితాన్ని మరీ దగ్గరగా పెట్టుకోవాలి. అందుకే అంగట్లో పెద్ద పవరుది తెచ్చేసుకోకూడదు. చేతులు వణుకుతుంటే కాగితం మీద నిలబడే, లైటున్న స్టాండు భూతద్దం మేలు.

బ్రెయిలీ విషయానికొస్తే, షుగరు ఎక్కువ కాలం ఉన్నవారిలో వేళ్ల కొసల్లో స్పర్శ తగ్గుతుంది. చుక్కలు విడివిడిగా తెలియకపోతే బలవంతపెట్టకండి, ఆయనకు ఫోనే దారి. ఆండ్రాయిడ్ ఫోన్లో యాక్సెసిబిలిటీలో, తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్‌కు వాల్యూమ్ మీటల షార్ట్‌కట్ పెట్టి, రెండు మీటలూ కలిపి మూడు సెకన్లు నొక్కితే మొదలవుతుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. ఇది తెలియక మొదటిరోజే ఫోను మొరాయించిందని మానేసేవాళ్లు ఎక్కువ. గూగుల్ గొంతులో తెలుగు డేటా ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టండి. మొదటి వారం కుడికి తోయడం, రెండుసార్లు తట్టడం, రెండు వేళ్లతో పేజీ జరపడం, ఈ మూడే నేర్పండి. ఆ తర్వాత కాల్ ఎత్తడం. నోట్లు గుర్తుపట్టడానికి రిజర్వు బ్యాంకు 2020 జనవరి 1న తెచ్చిన మణి యాప్ నెట్ లేకున్నా పనిచేస్తుంది. దొంగనోటో కాదో మాత్రం అది చెప్పదు.

కెమెరాతో అక్షరాలు చూసి చదివి వినిపించే ఆ కళ్లద్దాలు కొనాలనుకుంటే అమ్మేవాళ్లు తెచ్చిన పేజీతో కాదు, మీ కరెంటు బిల్లు, ఆయన మాత్రల షీటు, తెలుగు పేపరు పట్టుకెళ్లి చదివించండి. మాత్రల రేకు మెరుపుకు చాలా కెమెరాలు తడబడతాయి.

ప్రశ్న: స్మార్ట్‌కేన్ ఉంటే మామూలు తెల్లకర్ర అక్కర్లేదా?
ఒక విద్యార్థి, మధురవాడ

జవాబు: కావాలి. ఐఐటీ ఢిల్లీలో రూపొంది 2014లో వచ్చిన స్మార్ట్‌కేన్ తెల్లకర్ర పిడికి తగిలించుకునే పరికరం. అల్ట్రాసోనిక్ తరంగాలతో మోకాలి పైనుంచి తల దాకా ఉన్న అడ్డాలను 3 మీటర్ల దూరం నుంచే వణుకుతో చెబుతుంది. ఆగి ఉన్న లారీ వెనకభాగం, వేలాడే కొమ్మ, ఆటో అద్దం, ఇలా కర్రకు తగలకుండా ముఖానికి తగిలేవన్నీ దానికి తెలుస్తాయి. గుంత, మూతలేని కాలువ, మెట్టు తెలియవు. వాటిని కర్ర కొసే పట్టాలి. అందుకని ముందు మొబిలిటీ శిక్షణ, అంటే కర్రతో నడవడం నేర్చుకోవడం, తర్వాత పరికరం. జగదాంబ సెంటర్లాంటి రద్దీలో ఆగకుండా వణుకుతుంటే తక్కువ దూరం మోడ్‌కు మార్చండి.

కర్ర పొడవు చెప్పులు వేసుకుని నిలబడితే రొమ్ము ఎముక కింది భాగానికి రావాలి. వేగంగా నడిచేవారికి ఇంకొంచెం పొడవు. పొట్టి కర్రతో గుంత తెలిసేసరికి కాలు అందులోనే ఉంటుంది. బీచ్‌ నుంచి వచ్చాక కీళ్లు విప్పి తడిగుడ్డతో ఇసుక, ఉప్పు తుడిచి ఆరబెట్టండి. లేకపోతే అల్యూమినియం కీళ్లు పట్టేస్తాయి.

ప్రశ్న: ఇవి ఉచితంగా ఎలా వస్తాయి?
ఒక పాఠకురాలు, పెందుర్తి

జవాబు: కేంద్రం అడిప్ పథకం కింద క్యాంపుల్లో ఇస్తారు. 40 శాతం లేదా ఎక్కువ వైకల్యం ఉండాలి, ఆదాయ పరిమితి ఉంది. సదరం సర్టిఫికెట్, యూడీఐడీ (వైకల్య గుర్తింపు) కార్డు, ఆదాయ ధ్రువపత్రం, ఆధార్, ఫొటోలు సిద్ధంగా ఉంచుకోండి. క్యాంపు తేదీలు జిల్లా విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ కార్యాలయంలో అడగండి. పెద్దవాళ్లు ఒకసారి తీసుకుంటే అదే రకం పరికరానికి మూడేళ్లు ఆగాలి. కాబట్టి ఏది కావాలో ముందే తేల్చుకుని వెళ్లండి. ఇచ్చిన పెట్టెను అక్కడే విప్పించి, ఛార్జింగ్ ఎక్కుతోందో లేదో చూసి, సీరియల్ నంబరు, వారంటీ కాగితం తీసుకున్నాకే సంతకం పెట్టండి.