మందను రెండుగా చీలిస్తే కుక్కల బెడద తగ్గుతుందా?

ప్రశ్న: నాకు 140 గొర్రెలు, 15 మేకలు ఉన్నాయి. బీళ్లలో మేపుతుంటే ఊరకుక్కలు, అప్పుడప్పుడు తోడేలు ఒకటో రెండో పట్టుకుపోతున్నాయి. మందను రెండు చేసి చెరో దిక్కుకు తోలితే నష్టం సగమవుతుందని మా బావ అంటున్నాడు. పోయిన నెల రాత్రిపూట దొడ్డిలో కుక్కలు పడి 11 చచ్చాయి. వాటిలో సగానికి పైగా ఒంటిమీద పంటిగాటే లేదు. కారణమేంటి?
– ఒక గొర్రెల పెంపకందారు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: పగటిపూట మందను చీల్చకండి. బీడులో తోడేలు ఒక దాడిలో మామూలుగా ఒకటో రెండో పడుతుంది. ఒక్కటే పట్టిందనుకున్నా, 140లో ఉన్న గొర్రెకు ముప్పు 140లో ఒక వంతు, 70లో ఉంటే 70లో ఒక వంతు. పైగా రెండు మందలుంటే తోడేలు కంట పడటానికి రెండు చోట్లు, కాపలాకు ఇద్దరు మనుషులు.

గొర్రె కంటిపాప అడ్డంగా ఉంటుంది. తల వంచి మేస్తూనే వెనకవైపు కొద్ది భాగం తప్ప చుట్టూ చూడగలదు. మందలో ఎప్పుడూ ఏదో ఒకటి తలెత్తి చూస్తుంటుంది కాబట్టి మిగతావి నిశ్చింతగా మేస్తాయి. అదే ఒంటరిదైతే మాటిమాటికీ తలెత్తుతుంది, కడుపు నిండదు. ఇక బెదిరినప్పుడు ప్రతి గొర్రే మంద నడుమకు దూరాలని చూస్తుంది. తనకూ శత్రువుకూ మధ్య ఇంకో జీవం ఉంటే చాలన్నది దాని లెక్క అని హామిల్టన్ అనే శాస్త్రవేత్త 1971లోనే రాశారు. ఆస్ట్రేలియాలో గొర్రెల వీపున జీపీఎస్ పరికరాలు కట్టి మీదికి కుక్కను తోలి చూస్తే, అవి సరిగ్గా అలాగే నడుమకు చేరాయి. ఆ ఫలితాలు 2012లో వచ్చాయి. కలిసికట్టుగా ఉండటం వెనక త్యాగమేమీ లేదు, ఎవరి ప్రాణం వారిదే!

నడుమకు చేరలేనివే నోటికి చిక్కుతాయి. మీరు పోగొట్టుకున్నవి ఏవో గుర్తు చేసుకోండి. కుంటివా, నట్టలతో (కడుపులో పురుగులతో) నీరసించినవా, సంతలో కొత్తగా కొన్నవా, ఈనడానికి పక్కకు వెళ్లినవా? కాలి గిట్టలు పుండ్లు పడితే 10 శాతం జింక్ సల్ఫేట్ నీళ్లలో నిలబెట్టండి. కొన్న జీవాలను మూడు వారాలు విడిగా ఉంచి, ఆ తర్వాత కలిపినా కొన్నాళ్లు కాపరికి దగ్గరగా మేపండి. నెలలు నిండిన చూడి గొర్రెలను బీటికి తోలవద్దు. పొట్టేళ్లను ఏడాది పొడవునా మందలో వదలకుండా 35 రోజులే కలిపితే, దాదాపు 150 రోజుల తర్వాత ఈతలన్నీ ఒక్కసారే వస్తాయి. కాపలా ఆ నెల రోజులు గట్టిగా పెట్టుకుంటే సరిపోతుంది. ఆఫ్రికాలోని సెరెంగెటి మైదానాల్లో మందలుగా తిరిగే విల్డెబీస్ట్ అనే పెద్ద జింకజాతి జీవాలకు ఈ ఏర్పాటు ప్రకృతే చేసింది. రెండు మూడు వారాల్లోనే ఎక్కువ భాగం ఈనేస్తాయి, అన్ని దూడలను సింహాలు, హైనాలు తినలేవు.

మేకలు పొదల వెంట చెదిరి మేస్తాయి. వాటిమీద ఒక కన్నేసి ఉంచండి.

ఇక దొడ్డి సంగతి. బయట కాపాడిన అలవాటే లోపల చంపింది. కుక్కలు లోపలికి దూకగానే గొర్రెలన్నీ ఒక మూలకు తోసుకుని ఒకదానిమీద ఒకటి పడ్డాయి. గాటు లేనివి చాలావరకు అడుగున ఊపిరాడక చచ్చినవే అయి ఉంటాయి. మీ బావ సలహా పనికొచ్చేది ఇక్కడే. రాత్రిపూట దొడ్డిని అడ్డుకట్టలతో గదులు చేసి, గదికి 30, 40కి మించకుండా ఉంచండి. పెద్ద జీవానికి కనీసం 10 చదరపు అడుగులు కావాలి. మూలల్లో అడ్డంగా కర్రలు కట్టి గుండ్రం చేయండి. కంచె ఆరడుగులు ఉండాలి, అడుగుభాగం నేలలోకి పాతాలి. కుక్కలు ఎక్కువగా కిందనుంచే తవ్వుకొస్తాయి.

కరిచిన గొర్రె బతికుంటే గాయాన్ని సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు పశువైద్యుడితో రేబిస్ టీకా మొదలుపెట్టించండి. కడిగేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోండి. తోడేలుకు మాత్రం విషం పెట్టవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. తోడేలు చంపిందనిపిస్తే కళేబరాన్ని కదపకుండా ఫొటోలు తీసి, వెంటనే అటవీ బీట్ అధికారికి చెప్పి, పరిహారానికి దరఖాస్తు చేసుకోండి.