మౌంటెన్ బైక్‌లపై అడవి దారుల్లోకి వెళ్తున్నాం.. ఫస్ట్ ఎయిడ్ కిట్‌లో ఏమేం ఉండాలి?

ప్రశ్న: నా వయసు 34 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఆరేడుగురు మిత్రులం కలిసి ఆదివారాలు మౌంటెన్ బైక్‌లు వేసుకుని వికారాబాద్ దగ్గరి అనంతగిరి అడవిలోకి వెళ్తుంటాం. ఈమధ్య మాలో ఒకతను రాళ్ల దిగుడులో అదుపు తప్పి పడ్డాడు. మోకాలు, మోచేయి బాగా దోక్కుపోయాయి. ఆ సమయంలో మా దగ్గర చేతిరుమాళ్లు తప్ప ఏమీ లేవు. అందుకే దూది, సర్జికల్ స్పిరిట్, బ్యాండ్ ఎయిడ్‌లు, నొప్పి స్ప్రే, యాంటీబయాటిక్ మాత్రలు, పాము కరిస్తే కట్టడానికి ఒక తాడు కొన్నాను. ఇంకా ఏమేం పెట్టుకోవాలి? మాలో ఒకాయనకు 48 ఏళ్లు, షుగర్‌కు మాత్రలు వాడుతున్నారు. ఆయన కోసం ప్రత్యేకంగా ఏమైనా కావాలా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఒకరు పడ్డాక మిగతావాళ్లు జాగ్రత్తపడాలనుకోవడం మంచి విషయం. అయితే మీరు కొన్న వాటిలో బ్యాండ్ ఎయిడ్‌లు తప్ప మిగతావన్నీ సంచిలోంచి తీసేయమని చెప్పాల్సి వస్తోంది. దూది పోగులు పచ్చి గాయానికి అతుక్కుపోతాయి, మళ్లీ వాటిని ఏరడం పెద్ద పని. స్పిరిట్ మురికితో పాటు బాగున్న కణాలనూ దెబ్బతీస్తుంది. నొప్పి స్ప్రేను చర్మం చీరుకుపోయిన చోట కొట్టకూడదు. దోక్కుపోయిన గాయానికి దారిలో యాంటీబయాటిక్ మాత్ర వేసుకుంటే ఒరిగేదేమీ లేదు. గాయాన్ని శుభ్రంగా కడిగితే వచ్చే మేలు ఆ మాత్రతో రాదు. తాడు సంగతి కాస్త ఆగి చెబుతాను, అది అన్నిటికంటే ప్రమాదకరమైన వస్తువు.

అనంతగిరి నుంచి ఆసుపత్రి మరీ దూరమేమీ కాదు. కానీ అడవి దారిలోంచి తారు రోడ్డు మీదికి రావడానికే ఒక్కోసారి గంట పడుతుంది. ఆ గంటలో రక్తం ఆపడానికి, గాయం కడిగి కప్పడానికి, విరిగిన చోటు కదలకుండా కట్టడానికి ఏమేం కావాలో అవే మీ కిట్‌లో ఉండాలి. కాబట్టి సంచిలో ఎక్కువ చోటు గుడ్డకు, నీళ్లకు ఇవ్వండి. మందులకు చిన్న అర చాలు.

ముందు నీళ్లు. తాగే నీళ్ల బాటిల్ కాకుండా ఒక్కొక్కరూ అర లీటరు మంచినీళ్లు అదనంగా తెచ్చుకోండి. అందులో గ్లూకోజు, ఎలక్ట్రోలైట్ పొడులు కలపొద్దు. తాగడానికి పనికొచ్చే నీళ్లు గాయం కడగడానికీ పనికొస్తాయి, సెలైన్ సీసా మోయక్కర్లేదు. మూతకు సూదితో చిన్న బెజ్జం పెట్టి సీసాను గట్టిగా నొక్కితే ధార వస్తుంది. మట్టి, ఇసుక ఆ ధారకే కొట్టుకుపోవాలి. పైపైనే ఉన్న రాళ్ల నలుసులను పట్టకారుతో తీసేయండి. లోతుగా దిగిన పుల్లనో గాజుపెంకునో మాత్రం అక్కడ పీకొద్దు, కదలకుండా చుట్టూ గుడ్డ పెట్టి కట్టి ఆసుపత్రిలో తీయించండి. కడిగాక గాయం చుట్టూ బెటాడిన్ రాయండి. పసుపు, కాఫీపొడి, టూత్‌పేస్ట్ ఏదీ వద్దు. ఇవి అద్దుకుని వచ్చిన గాయాలను ఆసుపత్రిలో డాక్టర్లం మేం మళ్లీ కడగాల్సి వస్తుంది, ఆ రెండోసారి కడిగేటప్పుడు నొప్పి మరీ ఎక్కువ.

గాయంలో మట్టి మిగిలిపోతే చీము పట్టడం ఒక్కటే కాదు, మానాక చర్మం కింద నల్లటి మచ్చ శాశ్వతంగా ఉండిపోతుంది. అందుకే కడగడం దగ్గర తొందరపడొద్దు. పెద్దగా దోక్కుపోయిన చోట వేయడానికి పారఫిన్ గాజ్ నాలుగు ముక్కలు పెట్టుకోండి, మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. వాజ్‌లైన్ లాంటిది పూసి ఉంటుంది కనుక తర్వాత విప్పేటప్పుడు చర్మాన్ని లాక్కురాదు. దాని మీద మామూలు గాజ్ మడత వేసి రోలర్ బ్యాండేజీ చుట్టాలి. చెమటకు టేపు ఊడిపోతుంది కాబట్టి చుట్టు కట్టే నమ్మదగినది. స్టెరైల్ గాజ్ ప్యాకెట్లు ఓ పది, రోలర్ బ్యాండేజీలు మూడు నాలుగు, ఒక టేపు చుట్ట, మొన మొద్దుగా ఉండే కత్తెర, పట్టకారు, రెండు మూడు జతల నైట్రైల్ గ్లవ్స్ ఉంటే ఈ పని అంతా అయిపోతుంది. గాయం నోరు తెరుచుకున్నట్టుంటే కుట్లు కావాలి. అలాంటప్పుడు రైడ్ అక్కడితో ఆపేసి అదే పూట ఆసుపత్రికి వెళ్లండి.

రక్తం ధారగా కారుతుంటే కడగడాలేమీ పెట్టుకోవద్దు. గాజ్ మడతపెట్టి గాయం మీదే అరచేత్తో బలంగా పది నిమిషాలు వదలకుండా నొక్కండి. ఆగిందా లేదా అని మధ్యలో ఎత్తి చూడొద్దు. అలా ఎత్తిన ప్రతిసారీ అప్పుడే కడుతున్న గడ్డ ఊడిపోతుంది. గాజ్ తడిసిపోతే దాని మీదే ఇంకొకటి వేసి నొక్కండి. చాలా రక్తస్రావాలు దీంతోనే అదుపులోకి వస్తాయి.

మొన్న పడ్డ మీ మిత్రుడు ధనుర్వాతం ఇంజెక్షన్ చివరిసారి ఎప్పుడు చేయించుకున్నాడో అడగండి. మట్టి తగిలిన గాయం విషయంలో అయిదేళ్లు దాటితే బూస్టర్ కావాలి. అప్పుడు చేయించుకోకపోయి ఉంటే ఇప్పుడైనా వెళ్లి చేయించుకోమనండి. మిగతావాళ్లు పడేదాకా ఆగకుండా పదేళ్లకోసారి తీసుకోవచ్చు.

మౌంటెన్ బైక్ మీంచి పడేవాళ్లు ఎక్కువగా హ్యాండిల్ మీదుగా ముందుకు ఎగిరి భుజం మీదో, చాచిన చేతి మీదో పడతారు. అందుకే కాలర్ బోన్, మణికట్టు విరగడం ఎక్కువ. దీనికి త్రికోణపు బ్యాండేజీలు రెండు, 10 సెంటీమీటర్ల వెడల్పు క్రేప్ బ్యాండేజీలు రెండు పెట్టుకోండి. త్రికోణపు గుడ్డ లేకపోతే కండువా అయినా సరే, చేతిని ఛాతీకి ఆనించి మెడకు వేలాడదీస్తే నొప్పి సగం తగ్గుతుంది. మణికట్టుకు ఒత్తుగా మడిచిన న్యూస్ పేపరో అట్టముక్కో ఆసరాగా పెట్టి క్రేప్‌తో చుట్టండి. వాపు రాకముందే ఉంగరం, వాచీ, చేతి కడియం తీసేయండి. కట్టాక వేళ్లు చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా కట్టు వదులు చేయాలి. వంకరగా ఉందని లాగి సరిచేసే ప్రయత్నం చేయొద్దు. ఎక్స్‌రే తీయించకుండా పుత్తూరు కట్టుకని నేరుగా బయల్దేరడమూ మంచిది కాదు. విరుపు కీలు దాకా వెళ్లిందా, నరం, రక్తనాళం బాగున్నాయా అన్నది ముందు తేలాలి.

పైకి చిన్న దెబ్బలా కనిపించి లోపల ప్రాణాంతకం కాగలిగింది ఒకటుంది. పడేటప్పుడు హ్యాండిల్ బార్ చివర పొట్టలో గుచ్చుకోవడం. చర్మం మీద గుండ్రటి చిన్న కమిలిన మచ్చ తప్ప ఏమీ ఉండదు. మనిషి లేచి దులుపుకుని మళ్లీ బండెక్కుతాడు. లోపల ప్లీహమో కాలేయమో చిట్లి ఉంటే కొన్ని గంటలకు గానీ బయటపడకపోవచ్చు. పొట్ట నొప్పి పెరుగుతున్నా, దెబ్బ తగలని ఎడమ భుజంలో నొప్పి వస్తున్నా, ముఖం పాలిపోయి కళ్లు తిరుగుతున్నా, వాంతులవుతున్నా వెంటనే స్కానింగ్ సౌకర్యమున్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏమీ తినిపించొద్దు, తాగించొద్దు. దీనికి కిట్‌లో పెట్టుకోదగ్గ వస్తువేదీ లేదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

తలకు దెబ్బ తగిలినప్పుడూ అంతే. కాసేపు స్పృహ తప్పినా, అడిగిందే అడుగుతున్నా, వాంతి చేసుకున్నా, మగతగా ఉన్నా, ముక్కు చెవుల నుంచి నీళ్లో రక్తమో కారినా ఆ మనిషి ఆ రోజు సైకిల్ తొక్కకూడదు, ఆసుపత్రికి వెళ్లాలి. ఏ లక్షణమూ లేకపోయినా ఒక రోజంతా ఎవరో ఒకరు తోడుండాలి. మెడ నొప్పి అంటే గానీ, కాళ్లూ చేతులూ తిమ్మిరి అంటే గానీ లేపి కూర్చోబెట్టొద్దు. తల కదలకుండా రెండు చేతులతో పట్టుకుని 108కు ఫోన్ చేయండి. ఊపిరి బాగానే ఆడుతుంటే హెల్మెట్ తీయాల్సిన పనిలేదు. చీలిన హెల్మెట్‌ను మళ్లీ వాడొద్దు.

ఇప్పుడు తాడు. పాము కరిచిన చోటికి పైన బిగించి కడితే విషం ఆగదు, రక్తప్రసారం ఆగుతుంది. రక్తపింజర, చిన్న పింజర కాట్లలో అసలే కండ దెబ్బతింటుంది, కట్టుతో కాలే పోగొట్టుకోవచ్చు. కోయడం, నోటితో పీల్చడం, ఐస్ పెట్టడం, మంత్రం వేయించడం అన్నీ కాలహరణం. బూటు, సాక్సు, ఉంగరాలు తీసేసి, కరిచిన కాలికి విరిగిన కాలికి కట్టినట్టే కర్ర ఆసరాగా పెట్టి, బిగించకుండా కట్టండి. నడిపించొద్దు, మోసుకురండి. పామును చంపి తేవాల్సిన పనీ లేదు. మన దగ్గర వాడే విరుగుడు నాగుపాము, కట్లపాము, రెండు రకాల పింజరలు నాలుగింటికీ కలిపి తయారైనదే. అది ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు. ఎక్కడ నిల్వ ఉందో 108 వాళ్లనే అడగండి.

అయితే పాము కంటే మీకు తరచూ ఎదురయ్యేవి ఊళ్ల దగ్గర సైకిల్ వెంటపడే కుక్కలు. పన్ను గీసుకున్నా తేలిగ్గా తీసుకోకండి. అందుకే కిట్‌లో చిన్న సబ్బు బిళ్ల తప్పక ఉండాలి. దగ్గర్లోని కుళాయో బోరో చూసుకుని సబ్బుతో 15 నిమిషాలు ధార కింద కడిగి, అదే రోజు రేబిస్ టీకా మొదలుపెట్టాలి. చర్మం తెగి రక్తం వస్తే టీకాతో పాటు గాయంలోకి ఇమ్యునోగ్లోబులిన్ (రెడీమేడ్ యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా ఇవ్వాలి, డాక్టర్‌ను అడిగి మరీ వేయించుకోండి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక కాపాడటం మా చేతుల్లో ఉండదు. సున్నం, కారం పెట్టడం ఇంకా కొన్నిచోట్ల చూస్తున్నాను, దయచేసి వద్దు.

తేనెటీగలు లేస్తే చేతులు ఊపకుండా ముఖం కప్పుకుని పరుగెత్తండి. ముల్లును గోటితో గానీ కార్డుతో గానీ వెంటనే గీకేయండి. దురదకు సెట్రిజిన్ 10 మిల్లీగ్రాములు పనిచేస్తుంది. పెదాలు వాచి, గొంతు బిగుసుకుని, ఆయాసమో కళ్లు తిరగడమో మొదలైతే ఆ మాత్ర సరిపోదు, అడ్రినలిన్ ఇంజెక్షన్ కావాలి. మీలో ఎవరికైనా ఇంతకుముందు అలా జరిగి ఉంటే ముందే వాళ్ల డాక్టర్‌తో మాట్లాడుకుని రావాలి.

మందుల అరలో సెట్రిజిన్ కాక పారాసెటమాల్ 650, ఓఆర్ఎస్ చాలు. నొప్పికి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వద్దు. తలలోనో పొట్టలోనో రక్తస్రావం ఉంటే అవి ఎక్కువ చేస్తాయి, చెమటతో ఒళ్లు ఎండిపోయినప్పుడు కిడ్నీలకూ చేటు. ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్‌పై డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి. లీటరు ప్యాకెట్ అయితే లీటరు నీళ్లలోనే కలపాలి. తీపి పానీయాలను ఓఆర్ఎస్ పేరుతో అమ్మడంపై మన హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ఒక వైద్యురాలి పట్టుదల ఎందరు పిల్లలకు మేలు చేసిందో తలచుకుంటే గర్వంగా ఉంటుంది.

షుగర్ ఉన్న మిత్రుడి విషయానికొస్తే, ఆయన వాడే మాత్ర పేరు ముఖ్యం. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటివి వాడేవారికి గంటల తరబడి తొక్కితే షుగర్ పడిపోవచ్చు. రైడ్ రోజున మోతాదు మార్చాలా అని ఆయన డాక్టర్‌నే అడగమనండి. గ్లూకోజు పొడి ఆయన జేబులోనూ, కిట్‌లోనూ ఉండాలి. వణుకు, చెమటలు, తికమక కనిపిస్తే మూడు చెంచాలు నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంటలో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వండి. తేరుకున్నాక రొట్టో అరటిపండో తినిపించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు. ఆ వయసు, పైగా షుగర్ కాబట్టి ఇంకొక మాట. ఎత్తు ఎక్కేటప్పుడు ఛాతీలో బరువుగా, ఎడమ చేతిలోకో దవడలోకో లాగుతున్నట్టు ఉంటే గ్యాస్ అనుకోవద్దు. షుగర్ ఉన్నవారిలో నొప్పి లేకుండా ఆయాసం, చెమటలు మాత్రమే ఉండొచ్చు. కూర్చోబెట్టి 108కు చెప్పండి. ఆస్పిరిన్ పడనివారు, అల్సర్ ఉన్నవారు కాకపోతే 300 మిల్లీగ్రాముల మాత్ర నమిలించండి. దీన్ని విడిగా చిన్న కవర్లో ‘గుండె నొప్పికి మాత్రమే’ అని రాసి పెట్టుకోండి. ఆయన ఒకసారి గుండె పరీక్షలు కూడా చేయించుకుంటే మంచిది. గుంపులో ఇద్దరైనా సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీని నొక్కే పద్ధతి) నేర్చుకోండి.

కిట్ ఎవరి దగ్గర ఉండాలన్నది చాలామంది ఆలోచించరు. బాగా తొక్కేవాడి సంచిలో పెడితే అతను ఎప్పుడూ కిలోమీటరు ముందుంటాడు. అందరికంటే వెనక వచ్చే మనిషి దగ్గర పెట్టండి. ఎవరు ఎక్కడ పడినా అతను వాళ్లను దాటే వెళ్లాలి. ప్రతి ఒక్కరూ తమ పేరు, ఇంటి నంబరు, వాడే మందులు, పడని మందులు రాసిన చీటీ సంచి పై జేబులో ఉంచుకోండి. బ్లడ్ గ్రూపు రాయకపోయినా ఫర్వాలేదు, ఎలాగూ ఆసుపత్రిలో మళ్లీ పరీక్షిస్తారు. 108కు ఫోన్ చేస్తే ఊరు, మండలం అడుగుతారు, కాబట్టి దారి ఏ ఊరి దగ్గర మొదలైందో తెలుసుకునే లోపలికి దిగండి. సిగ్నల్ ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుపెట్టుకోండి. అంబులెన్స్ కాలిబాటలోకి రాలేదు, ఒకరు రోడ్డు మీద నిలబడాలి.

అన్నిటినీ జిప్ కవర్లలో వేయండి, వానాకాలంలో తడిసిన గాజ్ పనికిరాదు. కిట్‌ను ఎండలో కారులో వదిలేస్తే మాత్రలు పాడవుతాయి. రైడ్ నుంచి రాగానే వాడినవి ఆ రాత్రే మళ్లీ నింపి, మూడు నెలలకోసారి ఎక్స్‌పైరీ తేదీలు చూసుకోండి.